నైరోబీలో రెండు రోజులు

“ఎర్ర ఏనుగని ఒకసారి చెప్పిన, రెండుసార్లు చెప్పిన. ఇంకెన్నిసార్లు చెప్పాలె?” అన్నాడు యాదయ్య, మగ్గం గుంతలోంచి తల ఎత్తకుండానే.

“ఎన్నిసార్లు చెప్పినా ఏనుగు నల్లగనే ఉంటది” అంది జానమ్మ.

“అక్కడిది ఎర్రమట్టి. పొద్దస్తమానం మీద చల్లుకుంటది. మన దేవరకొండ దిక్కు చెల్కల మట్టి లేదా, గట్లనే.”

“మరి దేవరకొండ దిక్కు బర్లు ఎర్రగున్నయా?”

గడప దగ్గర కూర్చుని కండెలు చుడుతున్న అత్త బక్కమ్మకు నవ్వొచ్చింది. “బర్రెకు తెలివెక్కువ, నీళ్లల్ల పంటది. నీకెందుకే ఆ ఏనుగు పంచాది? చూసొచ్చినోడు చెప్తున్నడు గద.”

“చూసొచ్చినోడైతె” అంది జానమ్మ.

రాట్నం ఆగింది. మగ్గం చప్పుడు కూడా ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది. కానీ అది మునుపటి చప్పుడు కాదు. ఇరవై ఏళ్లుగా ఆ చప్పుడు వింటున్న జానమ్మకు, పేకను బిగించే పలక మీద ఆయన చెయ్యి ఎప్పుడు మామూలుగా పడుతుందో, ఎప్పుడు కోపంగా పడుతుందో తెలుసు. ఇప్పుడు పడింది కోపంగా కాదు. భయంగా పడింది. ఆమె అనుమానమల్లా అక్కడే.

యాదయ్య ఆఫ్రికా పోయొచ్చి పన్నెండు రోజులైంది. పోచంపల్లిలో ఆయన పోయిన సంగతి తెలియని గడప లేదు. హైదరాబాద్‌లో చీరల దుకాణం ఉన్న అమరేందర్ సేటు, కెన్యా అనే దేశంలో గుజరాతీ వ్యాపారులు పెట్టే బట్టల మేళాకు ఒక నేతగాణ్ణి వెంట తీసుకుపోతానన్నాడు. తీసుకుపోయింది యాదయ్యను. బొంబాయి దాకా రైలు, అక్కడి నుంచి విమానం. ఆ దేశంలో ఏడు రోజులు, రానుపోను కలిపి పదిహేను. మేళాకు వచ్చినవాళ్లందరినీ ఆ గుజరాతీలే జీపుల్లో అడవికి, రైల్లో సముద్రం దగ్గరికి తిప్పారు.

తిరిగొచ్చిన నాటి నుంచి సాయంత్రమైతే చాలు, అరుగు మీద జనం. యాదయ్య మామూలుగా మాటకారి కాదు. ఇప్పుడు సింహం గురించి గంట సేపు చెప్తున్నాడు. అది జీపు నీడలోకి వచ్చి పండుకున్నదట, డ్రైవరు జీపు తీయలేక అరగంట కూర్చున్నాడట. చారల గాడిదలు మందలు మందలుగా ఉన్నాయట. “దేవుడు గాడిద మీద పడుగు పోసి, పేక మర్చిపోయిండు” అని యాదయ్య అంటే అరుగంతా నవ్వింది. మొంబాసా అనే ఊళ్లో గల్లీలు మన పాతబస్తీ లెక్క ఇరుకట, తలుపులకు చెక్కిన పూలు ఉంటాయట, చాయ్‌ని అక్కడా చాయ్ అనే అంటారట. సముద్రం పొద్దున దగ్గరికొచ్చి, మధ్యాహ్నం ఎక్కడికో పోతే, కింద ఇసుకలో జనం నడిచి పోయి పీతలు ఏరుకుంటారట.

అందరూ విన్నారు. జానమ్మ వింటూ లెక్కపెట్టింది.

లెక్కపెట్టడం ఆమె చేతి పని. చిటికి, అంటే నూలుకు రంగేసే ముందు కట్టే కట్లు, మొదలుపెట్టక ముందు నూలును ఆసు మీద పోస్తారు. అర్ధచంద్రంలా మేకులు కొట్టిన చట్రం మీదికి, ఈ మేకు నుంచి ఆ మేకుకు చెయ్యి ఆడిస్తూ వేల సార్లు దారం తిప్పాలి. ఒక్క పోగు తప్పినా చీర మీద పువ్వు వంకరపోతుంది. అలాంటి మనిషికి ఏడు రోజులు లెక్కపెట్టడం ఎంత పని? ఆదివారం పొద్దున విమానం దిగారు. బుధవారం, గురువారం అడవి. గురువారం రాత్రి రైలు. శుక్రవారం, శనివారం సముద్రం. మరి సోమవారం, మంగళవారం ఏమయ్యాయి?

నైరోబీ అనే ఊళ్లో మేళా జరిగింది ఆ రెండు రోజులే. ఆయన పోయిందే దానికి. అడిగితే, “జరిగింది. మంచిగనే జరిగింది” అంటాడు. వెంటనే ఏనుగు దగ్గరికి పోతాడు.

పాస్‌పోర్టు ఏదంటే సేటు దగ్గర ఉందన్నాడు. ఫోటోలు దిగలేదా అంటే సేటు కెమెరాలో ఉన్నాయి, ఇంకా కడిగించలేదన్నాడు. అన్నీ సేటు దగ్గరే. ఆ సేటు వచ్చే శుక్రవారం కాయితం తెస్తున్నాడు. మూడేళ్లు ఇంట్లో రెండు మగ్గాలూ ఆయనకే నేయాలి, ఆయన వారం వారం నూలు పంపుతాడు, చేనేత సంఘం నుంచి బయటికి రావాలి. అదీ మాట.

మరిది రాములుకు ఆ కాయితం మీద దస్కతు పెట్టాలనే ఉంది. “సంఘం నూలు ఎప్పుడొస్తదో దేవునికి ఎరుక. పోయిన ఎండకాలం ఇరవై రోజులు మగ్గం మీద బొంత కప్పిపెట్టినం. యాదికి లేదా వదినె?” అంటాడు. ఆయన పెండ్లాం బీరమ్మకూ అదే మాట. మాట నిజమే. కానీ ఒక చీరల సేటు, ఒక కాయితం కోసం, నేతగాణ్ణి సింహాల దేశం ఎందుకు తిప్పుతాడు? పోచంపల్లిలో ఉట్టిగానే అడిగితే పెట్టే దస్కతుకు విమానమెందుకు? ఈయన ఇప్పటికే ఎక్కడన్నా పెట్టొచ్చాడా? జానమ్మ సందూక తెరిచి, డిజైన్లు గీసిన గళ్ల కాయితాలన్నీ చూసింది. అన్నీ ఉన్నాయి. ఉన్నా మనసు కుదుటపడలేదు. చూసి రాసుకుంటే కాయితం మాయం కావాలనేముంది?

అనుమానానికి చేతికి దొరికే ఆధారం ఒకటి కావాలి. అది బట్ట రూపంలో దొరికింది.

యాదయ్య అక్కడి నుంచి ముగ్గురు ఆడవాళ్లకూ మూడు బట్టలు తెచ్చాడు. అక్కడి ఆడవాళ్లు నడుముకు ఒకటి, భుజాల మీద ఒకటి కట్టుకుంటారట. ఎరుపు మీద నలుపు అచ్చు, చుట్టూ వెడల్పు అంచు, కింద ఒక వరుస ఇంగ్లీషు అక్షరాలు. బక్కమ్మ దాన్ని మడిచి దిండు కింద పెట్టుకుంది. బీరమ్మ పిల్లకు ఊయల కట్టింది. జానమ్మ మాత్రం ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది, అంచును గోటితో గీకింది, నోట్లో తడిపి గంజి రుచి చూసింది. ఎక్కడో చూసిన బట్ట. ఎక్కడ?

మూడో నాడు గుర్తొచ్చింది. చౌటుప్పల్ నుంచి మూట నెత్తిన పెట్టుకుని వచ్చే లాల్ బీ దగ్గర, రెండేళ్ల కింద మరకలు పడ్డ దాగు బట్ట ఒకటి కొన్నది. బొంతకు లోపలి పొరగా కుట్టింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ బొంత దించి, ఒక మూల కుట్లు విప్పింది. పాత చీరల మధ్య నుంచి ఆ బట్ట బయటికి వచ్చింది. రంగు వేరు, పసుపు పచ్చ. కానీ అంచున మిల్లు సూదులు గుచ్చిన బెజ్జాలు అవే, నేత అదే, వెడల్పు అంచు అదే, కింద ఆ అక్షరాల వరుస కూడా అదే తీరు. రెండింటినీ పక్కపక్కన పెట్టి, కళ్లు మూసుకుని వేళ్లతో తడిమింది. వేళ్లు ఒకటే అన్నాయి.

ఇది హైదరాబాద్‌లో దొరికే బట్ట. అంటే ఈ మనిషి ఏ దేశమూ పోలేదు.

ఆమె బొంత మళ్లీ కుట్టలేదు, మడిచి మూలకు పెట్టింది. మరి పదిహేను రోజులు ఎక్కడున్నాడు? సేటు గోదాములో కూర్చుని ఏం నేసి ఇచ్చాడు? సింహాల ముచ్చట ఎవరి దగ్గర నేర్చుకున్నాడు? సాయంత్రం అరుగు మీద ఆయన సముద్రం గురించి చెప్తుంటే, ఆమె పొయ్యి దగ్గర కూర్చుని ఒక్కో మాటనూ విప్పి చూసింది. తప్పు దొరకలేదు. ఇంత తప్పు లేకుండా ఎట్లా చెప్తున్నాడు అని ఇంకా అనుమానం వచ్చింది. అందుకే ఆ పొద్దున ఏనుగు రంగు మీద పడింది. 

మంగళవారం లాల్ బీ వచ్చింది. మూట దించి, మంచినీళ్లు తాగి, కాళ్లు చాపుకుంది. జానమ్మ రెండు బట్టలూ ఆమె ముందు పడేసింది.

“లాల్ బీ, గీ రెండూ ఒక్క దగ్గరియే గద? నిజం చెప్పు.”

లాల్ బీ కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. “ఒక్క దగ్గరియే. బొంబాయి అవతల మిల్లుల అచ్చేస్తరు.”

“అనుకున్న” అంది జానమ్మ. “హైదరాబాద్‌ల దొరుకుతయి గద?”

“మంచివి యాడ దొరుకుతయి? గివి మనకు కాదు, ఆఫ్రికాకు పోయే మాలు. ఓడల మీద పోతది. గీ అక్షరాలు చూసినవా, ఇంగ్లీషు కాదు, వాళ్ల భాష. నాకూ తెల్వకపోతుండె, నాకు మాలిచ్చే సేటు చెప్పిండు. అచ్చు తప్పినయి, మరక పడ్డయి ఉంటయి చూడు, గవి ఓడ ఎక్కవు. గవి నా నెత్తికి ఎక్కుతయి.”

“మనదగ్గర నేసి వాళ్లకు అమ్ముతరా?”

“అరె, నువ్వు కట్టిన చిటికి చీర ఎన్నడన్నా నువ్వు కట్టుకున్నవా? ఢిల్లీల ఎవరో బేగం కట్టుకుంటది. గట్లనే గిది.” లాల్ బీ ఎర్రబట్టను వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పింది. “దీన్ల ఒక్క దాగు లేదు. మీ ఆయన అక్కడనే కొని ఉంటడు. గిసొంటిది నా మూటల రాదు.”

జానమ్మ ఆ రోజు అవసరం లేకున్నా లాల్ బీ దగ్గర రెండు లంగా ముక్కలు కొన్నది. సిగ్గనిపించింది. బట్ట విషయంలో తన వేళ్లు తప్పు చెప్పవని ఇన్నాళ్లూ అనుకుంది. వేళ్లు నిజమే చెప్పాయి, తానే తప్పుగా విన్నది.

కానీ బరువు దిగలేదు. పోలేదనుకున్నన్ని రోజులూ అంతా ఒకటే అబద్ధం. పోయాడని తేలాక, సింహం నిజం, సముద్రం నిజం, ఎర్ర ఏనుగు కూడా నిజమే కావచ్చు. ఇంత నిజం చెప్పే మనిషి ఆ రెండు రోజులు మాత్రం ఎందుకు దాస్తున్నాడు?

గురువారం మధ్యాహ్నం రాములు రంగులకు పోయాడు, బీరమ్మ పిల్లను పండబెడుతోంది, బక్కమ్మ కునుకు తీస్తోంది. జానమ్మ నడింట్లో చట్రం నిలబెట్టి, చాచిన నూలు మీద చిటికి కడుతోంది. గీత గీసిన చోట పాత సైకిల్ ట్యూబు కోసిన పట్టీని బిగించి చుట్టి ముడేస్తే, రంగులో ముంచినప్పుడు ఆ చోటికి రంగు ఎక్కదు. కట్టు ఏ మాత్రం వదులైనా రంగు లోపలికి పాకి, చీర మీద రావాల్సిన పావురం బొమ్మ కాస్తా మరక అవుతుంది. కొన్ని ఇళ్లలో మగవాళ్లు కూడా కడతారు. ఈ ఇంట్లో కట్టరు. పుట్టపాక నుంచి జానమ్మ కోడలుగా వచ్చిన నాటి నుంచి చిటికి ఆమెది, మగ్గం ఆయనది. అప్పటిదాకా మామ కట్టేవాడు. ఆమె కట్టు చూసిన మర్నాడు పట్టీలన్నీ ఆమె ముందు పోసి పక్కకు తప్పుకున్నాడు.

యాదయ్య నీళ్లు తాగడానికి లోపలికి వచ్చాడు.

“ఓ, జర ఈ నాలుగు కట్టు” అంది జానమ్మ. “నా బొటనవేలు గుంజుతాంది.”

ఆమె వేలు నిజంగానే గుంజుతోంది. మనసులో ఏ ఎత్తూ లేకుండానే అడిగింది. కానీ పట్టీ అందుకున్న ఆయన మొఖం చూసి, చూపు తిప్పలేకపోయింది. రబ్బరు పట్టీని ఆయన, కరిచేదాన్ని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

“నాతోటి యాడైతది” అన్నాడు.

“నాలుగే గద.”

యాదయ్య కూర్చున్నాడు. ఒకటి కట్టాడు. రెండోది కట్టాడు. రెండూ వదులే. మూడో దానికి చేతులు ఆగిపోయాయి.

“అక్కడ గూడ గిట్లనే కట్టిన” అన్నాడు.

జానమ్మ నూలు మీదికి తల వంచుకుంది. మాట్లాడితే ఆగిపోతాడని తెలుసు.

“మగ్గం అంత దూరం ఎవరు మోస్తరు? గది నాకు తట్టనే లేదు. నేసి చూపిస్తననుకున్న. సేటు చట్రం తీసుకొచ్చిండు, విప్పి మడిస్తె సంచిల పడ్తది గద. పెద్ద హాలు. బోర్డు మీద నా పేరు, చిటికి కట్టే యాదయ్య అని. హిందీల, ఇంగ్లీషుల. కూసుండి కట్టుమన్నడు. సోమారమంత కట్టిన. జనం మస్తు వచ్చిన్రు. సాయంత్రం వాళ్ల ముందటనే రంగుల ముంచిన్రు. మంగళారం పొద్దుగాల విప్పాలె.”

“విప్పినవా?”

“విప్పిన. పావురాలు కట్టిన. ఒక్క పావురం లేదు, అన్ని మరకలే.” యాదయ్య చట్రం వైపే చూస్తున్నాడు. “ఒక ముసలామె ఉండె, గుజరాతామె. ఆమెకు ఈ పని ఎరికె, వాళ్ల దిక్కు గూడ కట్టి రంగేస్తరట. బాబూ, ఇంట్ల ఎవరు కడ్తరని అడిగింది. నేనే కడ్తనన్న. చలికి చేతులు వణికినయన్న. ఆమె నా చెయ్యి పట్టుకుని, బొటనవేలు తిప్పి చూసింది. మెల్లగ వదిలిపెట్టి పోయింది.”

జానమ్మ తన బొటనవేలు చూసుకుంది. పట్టీ గుంజీ గుంజీ అది ఎప్పుడో గట్టిపడి, గోరు పక్కకు తిరిగింది.

“నలుగురి ముందట నేనే కడ్తనని ఎందుకన్నవయ్య?”

“బోర్డు మీద గదే రాసుండె.”

జానమ్మ కింద పడ్డ పట్టీని ఏరి చట్రం పక్కన పెట్టింది.

“సేటు ఏమన్నడు?”

“అడిగిండు. నిజం చెప్పిన. నవ్విండు. ఫికర్ చెయ్యకు, ఇంట్ల మనిషే గద అన్నడు.” యాదయ్య గొంతు ఇంకా తగ్గింది. “కాయితంల ఇంకోటి రాసిండట. పట్నంల ఆయన గోదాముల ఇరవై మందికి చిటికి నేర్పాలె, మూడు నెలలు. ముందుగాల నా పేరు రాసిండు. ఇప్పుడు నిన్ను పంపుమంటున్నడు.”

“ఇరవై మందికి వచ్చినంక మనతోటి ఆయనకు ఏం పని?”

“గదే నేను గూడ రైల్ల ఆలోచన చేసిన.”

“దస్కతు పెట్టినవా?”

“పెట్టలే. మా అమ్మ మీద ఒట్టు. ఇంట్ల అడిగి చెప్తనన్న. అడుగుదామనే వచ్చిన. యాడికెళ్లి మొదలుపెట్టాలెనో తెల్వలే. అందరు సింహం అడిగిన్రు, సింహం చెప్పిన.”

జానమ్మ చెయ్యి చాపి, ఆయన కట్టిన రెండు కట్లు విప్పేసింది. మళ్లీ బిగించి కట్టింది. వేలు గుంజింది. ఈ మనిషి తనను మోసం చేశాడా అని ఇన్ని రోజులు విప్పి విప్పి చూసింది. మోసం దొరకలేదు. దొరికిన దానికి ఏం పేరు పెట్టాలో తెలియలేదు. పరాయి దేశంలో, వందమంది ముందు, ఒక ముసలామెకు ‘మా ఆడామె కడ్తది’ అనే ఒక్క మాట ఈయన నోటికి రాలేదు. అది కోపం తెప్పించింది. ఈ మాట ఎవరికీ చెప్పలేక ఇన్ని రోజులు అరుగు మీద ఏనుగుల వెనక దాక్కున్నాడు. అది చూస్తే కోపం నిలవలేదు.

“పో, పోయి మగ్గం మీద కూసో” అంది. “అంచు మిగిలింది గద.”

శుక్రవారం పొద్దున అందరూ ఒక్కచోట కూర్చున్నారు. బీరమ్మ జొన్న రొట్టెలు కొడుతోంది, జానమ్మ పుంటికూర వడ్డిస్తోంది. రాములు కొత్త అంగీ వేసుకున్నాడు.

“సేటు పది గంటల బస్సుకు దిగుతడు” అన్నాడు. “కుర్చీ ఒకటి పక్కింట్లకెళ్లి తెచ్చిపెట్టాలె. అన్నా, దస్కతుకు పెన్ను ఉన్నదా?”

యాదయ్య రొట్టె తుంచి, నోట్లో పెట్టుకోకుండా పట్టుకున్నాడు. “కాయితంల ఇంకో మాటున్నది తమ్మీ. మీ వదినె పట్నం పోయి ఆయన మనుషులకు చిటికి నేర్పాలె. మూడు నెలలు.”

“వదినెనా? సేటు దేశం దాటించింది నిన్ను గద?”

“అక్కడ చిటికి కట్టేది నేనని బోర్డు పెట్టిన్రు, గది తప్పు” అన్నాడు యాదయ్య. “నేను కడ్తె పావురం రాలే. నైరోబీల వందమంది చూసిన్రు.”

ఎవరూ నవ్వలేదు. బీరమ్మ చేతిలో రొట్టె పెంకు మీద పడకుండా ఆగింది. బక్కమ్మ కొడుకును కాదు, కోడలును చూసింది.

“నీకు ఎరికేనా?”

“నిన్న ఎరికైంది అత్తమ్మ.”

రాములు కూరలో వేలు తిప్పుతూ కూర్చున్నాడు. “మూడు నెలలే గద వదినె” అన్నాడు చివరికి. “నూలు వారం వారం వస్తది. సంఘంల ఉంటె మల్ల ఎండకాలం మగ్గం పండుకుంటది. నా మగ్గం గూడ.”

“పండుకుంటది” అంది జానమ్మ. “నేను కాదంటలేను.”

ఆమె గిన్నె కింద పెట్టింది. గొంతు పెంచలేదు. రోజూ ఎవరికి ఎన్ని రొట్టెలు అని అడిగే గొంతుతోనే చెప్పింది.

“నూలు లేనన్ని రోజులు పుట్టపాకల మా అన్నోళ్ల ఇంట్ల కూలికి చిటికి కడ్త, ఆ రోజులు గట్ల ఎల్లదీస్తం. పట్నం పోను, ఎవరికి నేర్ప. మనం సంఘంలనే ఉంటున్నం. సేటు వస్తె చాయ్ పోసి, గీ మాట నేనే చెప్త.”